గృహనౌకలోని చెమ్మ

కోనసీమయందు దిండివద్ద వసిష్ఠ గోదావరిపై హౌస్‌బోట్లనబడు గృహనౌకలు కలవు. పుష్యమాసపు రాత్రులలో చలికి వెఱచి కిటికీలన్నియు బిగించి నిద్రించినచో, తెల్లవాఱునప్పటికి అద్దములపై నీరు ధారలు కట్టును. ఆ నీరు చాలవఱకు నిద్రించినవారి ఊపిరినుండి వచ్చినదే.

ఘనమీటరు గాలి 30 డిగ్రీల సెంటీగ్రేడువద్ద సుమారు 30 గ్రాముల నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. 20 డిగ్రీలవద్ద 17 గ్రాములనే. కావున చల్లని అద్దమును తాకిన గాలి, మిగిలిన ఆవిరిని నీరుగా విడుచును. ఆ చెమ్మ నిలిచినచో పఱుపులకు బూజు పట్టును, కొయ్య చివుకును, ఉబ్బసరోగులకు బాధ హెచ్చును.

బయట మంచు కురియుచుండగా కిటికీ తెఱచినచో చెమ్మ పెరుగదా యని మీరడుగవచ్చును. పెరుగదు. ఆ చల్లనిగాలి లోపల వేడెక్కి, మఱింత ఆవిరిని గ్రహించి వెలుపలికి కొనిపోవును. కావున ఎదురెదురు కిటికీలు కొంచెము తెఱచియుంచవలయును. తడిబట్టలు లోపల ఆఱవేయరాదు. చలికి దుప్పటి చాలును. చెమ్మకు గాలియే మందు.