బర్రె చెరువులోంచి ఎందుకు లేవదు?

ఎండాకాలం మధ్యాహ్నం. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువైనా, భూపాలపల్లి జిల్లా గణపసముద్రమైనా, జనగామ పక్క ఊరి కుంటైనా సరే, నీళ్లుంటే చాలు, బర్రెలు మెడదాకా మునిగి ఉంటాయి. కాపరి అదిలించినా కదలవు. అది మొండితనం కాదు, ప్రాణావసరం.

బర్రె ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. బయట ఎండ 44 డిగ్రీలకు చేరినా లోపలి వేడి దాదాపు అక్కడే నిలబడాలి. ఆ కాపలా మెదడులోని హైపోథాలమస్‌ది. రక్తం వేడెక్కగానే అది చర్మానికి రక్తప్రవాహం పెంచుతుంది, చెమట పట్టిస్తుంది. చెమట ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. బర్రెకు ఇది చాలదు. ఆవుతో పోలిస్తే దాని చర్మంలో చెమట గ్రంథులు చాలా తక్కువ. పైగా నల్లటి తోలు ఎండను పీల్చుకుంటుంది, పల్చటి వెంట్రుకలు అడ్డుకోలేవు. అందుకే నీళ్లలోకి దిగుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు బాగా వేడిని లాగేస్తుంది. ఒడ్డుకొచ్చాక కూడా ఒంటికంటిన బురద ఆరేదాకా చల్లబరుస్తూనే ఉంటుంది, ఈగలనూ ఆపుతుంది. ఎంత చక్కని ఏర్పాటో!

కుక్క నాలుక చాచి ఒగర్చేదీ ఇందుకే, నోటి తడి ఆవిరై చల్లబడడానికి. తొండ మాత్రం సొంతంగా ఒంటి వేడిని నిలుపుకోలేదు. పొద్దున ఎండకాగి, వేడెక్కాక నీడకు చేరుతుంది.

మీ ఇంట్లో బర్రె ఉండి చెరువు ఎండిపోతే దాన్ని నీడన కట్టండి, ఒంటిమీద నీళ్లు పొయ్యండి. మేత అరగడంలోనూ వేడి పుడుతుంది కాబట్టి, ఎండ తట్టుకోలేని బర్రె తినడమే తగ్గిస్తుంది. దాంతో పాలూ తగ్గుతాయి.