వాయిదాల గొలుసు తెగేదెలా?

విడివిడి గడువులు కాదు.. చివరి తేదీకే రక్షణ
'క్రిటికల్‌ చైన్‌' విధానం చెబుతున్నది ఇదే

నెల్లూరు: ఇల్లు కట్టించేవారికి ఒక అనుభవం తప్పదు. మేస్త్రీ, వడ్రంగి, ప్లంబరు, రంగులు వేసేవారు.. ఎవరిని అడిగినా అవసరానికి మించి నాలుగు రోజులు కలిపే గడువు చెబుతారు. అయినా గృహప్రవేశ ముహూర్తానికి ఇల్లు సిద్ధం కాదు. ఓడరేవులు, వంతెనలు, రాకెట్‌ ప్రయోగ వేదికల వంటి భారీ నిర్మాణాలకూ ఈ బెడద ఉంది. ఒక్కొక్క పనికీ చాలినంత సమయం కేటాయించినా మొత్తం పని ఎందుకు ఆలస్యమవుతోంది? ఈ ప్రశ్నకు సమాధానంగా వచ్చినదే 'క్రిటికల్‌ చైన్‌' ప్రణాళికా విధానం. ఇజ్రాయెల్‌ భౌతిక శాస్త్రవేత్త ఎలియాహు గోల్డ్‌రాట్‌ 1997లో అదే పేరుతో నవలా రూపంలో రాసిన పుస్తకం దీనిని ప్రచారంలోకి తెచ్చింది.

పాత పద్ధతిలో లోపం

1950ల చివరిలో అమెరికాలో రూపొందిన 'క్రిటికల్‌ పాత్‌' పద్ధతి ఇంజినీర్లకు సుపరిచితమే. పునాది తర్వాత గోడలు, గోడల తర్వాత స్లాబు అన్నట్లు ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులను వరుసగా పేర్చి, వాటిలో అతి పొడవైన వరుసను గుర్తిస్తారు. మొత్తం పని గడువును నిర్ణయించేది ఆ వరుసే. అయితే రెండు పనులకు ఒకే మనిషి, ఒకే యంత్రం అవసరమైతే ఏమవుతుందన్నది ఆ లెక్కలో మొదటే రాదు. గోల్డ్‌రాట్‌ విధానంలో పనుల క్రమంతో పాటు మనుషులు, యంత్రాల లభ్యతను కూడా మొదటి నుంచే లెక్కిస్తారు. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు తేలే అతి పొడవైన వరుసే 'క్రిటికల్‌ చైన్‌'.

మిగులు సమయం ఎటు పోతోంది?

అయిదు రోజుల పనికి పది రోజులు అడిగినప్పుడు ఆ అదనపు అయిదు రోజులు మూడు దారుల్లో హరించుకుపోతాయి. పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తెరిచే విద్యార్థి వలె, గడువు ఉందన్న ధీమాతో పని ఆలస్యంగా మొదలుపెట్టడం మొదటిది. పని ముందే ముగిసినా ఆ మాట బయటకు రాకపోవడం, వచ్చినా తర్వాతి పనివారు సిద్ధంగా లేకపోవడం రెండోది. ఫలితంగా ఆలస్యం మాత్రమే తర్వాతి పనికి బదిలీ అవుతుంది, ఆదా అయిన సమయం బదిలీ కాదు.

ఒకే మనిషి అనేక పనుల మధ్య తిరగడం మూడోది. ఒక మేస్త్రీ రెండు ఇళ్లు ఒప్పుకొన్నారనుకుందాం. ఒక్కొక్కటి 20 రోజుల పని. ఒకటి ముగించి మరొకటి చేపడితే మొదటి ఇల్లు 20వ రోజున, రెండోది 40వ రోజున పూర్తవుతాయి. ఇద్దరు యజమానులనూ సంతృప్తి పరచాలని రోజు మార్చి రోజు పనిచేస్తే మొదటి ఇల్లు 39వ రోజుకు గానీ పూర్తి కాదు. రెండోది మాత్రం 40వ రోజుకే వస్తుంది. ఒకరికి 19 రోజుల నష్టం, రెండోవారికి ఒక్క రోజు కూడా లాభం లేదు.

ఉమ్మడి రక్షణ

నివారణగా గోల్డ్‌రాట్‌ చెప్పిన సూత్రం సులభమైనది. నాలుగు పనులకు పది రోజుల చొప్పున 40 రోజులు అడిగారనుకుంటే, ఒక్కొక్క పనికి అయిదు రోజులే కేటాయించాలి. అలా మిగిలిన 20 రోజుల్లో సగం, అంటే పది రోజులను అన్ని పనుల తర్వాత ఉమ్మడి రక్షణ వ్యవధిగా ఉంచాలి. దీనినే 'బఫర్‌' అంటారు. మొత్తం 30 రోజులు. నాలుగు పనులూ ఒకేసారి చెడిపోవడం అరుదు. ఒకదానిలో ఆదా అయినది మరొకదాని లోటును పూడుస్తుంది కాబట్టి పది రోజుల ఉమ్మడి నిల్వ చాలుతుందన్నది ఇందులోని తర్కం. ప్రధాన వరుసలోకి వచ్చి కలిసే ఉప పనుల చివర కూడా చిన్న బఫర్లు ఉంచుతారు.

పర్యవేక్షణ తీరు కూడా మారుతుంది. ఏ పని ఎన్ని రోజులు ఆలస్యమైందని నిలదీయరు. పని ఎంత నడిచింది, బఫర్‌ ఎంత కరిగింది అన్నదే చూస్తారు. మూడింట ఒక వంతు లోపు కరిగితే పచ్చ, రెండో వంతులో పసుపు, మూడో వంతులోకి వస్తే ఎరుపు గుర్తు. ఎరుపు వచ్చినచోటే అధికారులు దృష్టి పెడతారు.

అమెరికా వాయుసేనకు చెందిన వార్నర్‌ రాబిన్స్‌ కేంద్రంలో సీ-5 రవాణా విమానాల మరమ్మతుకు ఈ విధానాన్ని అనుసరించగా, ఒక్కో విమానానికి పట్టే సమయం 240 రోజుల నుంచి 160 రోజులకు తగ్గింది. ఒకేసారి మరమ్మతులో ఉండే విమానాలు 12 నుంచి 7కు తగ్గాయి. ఈ కృషికి 2006లో ఎడెల్‌మన్‌ బహుమతి లభించింది.

శ్రీహరికోటలో దృష్టాంతాలు

2022 ఏప్రిల్‌ వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ప్రస్తుతం తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట చరిత్రను గమనిస్తే ఇవే సూత్రాలు కనిపిస్తాయి. అక్కడి ప్రణాళికకు ఈ పేరు లేకపోయినా తర్కం ఒకటే.

మంగళయాన్‌ ప్రయోగానికి మొదట నిర్ణయించిన తేదీ 2013 అక్టోబరు 28. రాకెట్‌ గమనాన్ని పరిశీలించే పరికరాలతో నలంద, యమున అనే రెండు నౌకలు దక్షిణ పసిఫిక్‌ సముద్రానికి చేరవలసి ఉంది. ప్రతికూల వాతావరణం వల్ల నలంద రాక ఆలస్యమైంది. రాకెట్‌ ఇక్కడ ఉన్నా తేదీని నిర్ణయించినది ఎక్కడో ఉన్న నౌక! నవంబరు 19 వరకు ప్రయోగానికి అవకాశం ఉన్నందున నవంబరు 5న పీఎస్‌ఎల్‌వీ-సి25 విజయవంతంగా నింగికెగసింది.

2019 జులై 15న చంద్రయాన్‌-2 ప్రయోగాన్ని సాంకేతిక లోపం వల్ల 56 నిమిషాల ముందు నిలిపివేశారు. జులై 22న ప్రయోగించారు. వారం ఆలస్యమైనా చంద్రునిపై దిగే తేదీ దాదాపుగా మారలేదు. ల్యాండర్‌ విడిపోయే ముందు చంద్రుని కక్ష్యలో గడపవలసిన 28 రోజులను 13కు కుదించారు. దిగే సమయంలో ల్యాండర్‌ విఫలమైనా, ప్రయాణ ప్రణాళికలోని మిగులు రోజులు తేదీని కాపాడాయి.

ఒకే యంత్రంపై పనులు పేరుకుపోయే సమస్య కూడా అక్కడ ఉంది. మొదటి వేదికపైనే పీఎస్‌ఎల్‌వీ భాగాలను కూర్చడం వల్ల ఆ వేదిక వారాల తరబడి ఒక్క రాకెట్‌కే పరిమితమయ్యేది. వేరొకచోట కూర్చి వేదికకు తరలించేందుకు నిర్మించిన కేంద్రాన్ని 2024 ఫిబ్రవరి 27న ప్రధాని ప్రారంభించారు. ఏడాదికి 6గా ఉన్న పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాల సామర్థ్యాన్ని 15కు పెంచడం దీని లక్ష్యం.

జాగ్రత్తలు తప్పనిసరి

ఈ విధానానికి పరిమితులూ ఉన్నాయి. గడువును సగానికి తగ్గించడం అన్ని పనులకూ సరిపోదన్న విమర్శ ఉంది. తగ్గించిన గడువు దాటినవారిని శిక్షిస్తే మరుసటిసారి వారు మళ్లీ ఎక్కువే చెబుతారు. చివరి బఫర్‌ను వృథాగా భావించి పైవారు కోసేస్తే పథకం మొత్తం కుప్పకూలుతుంది. కాంక్రీటు గట్టిపడే రోజులు, భద్రతా పరీక్షలు బఫర్‌ కావు. వాటిని తగ్గించరాదు.

ముందున్న పరీక్ష

శ్రీహరికోటలో రూ.3,984.86 కోట్లతో మూడో ప్రయోగ వేదిక నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2025 జనవరి 16న ఆమోదం తెలిపింది. గడువు 48 నెలలు. ఈ తీరంలో ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానుల ముప్పు సహజం. ఆ 48 నెలల్లో ఇటువంటి వానకాలాలు నాలుగు వస్తాయి. అవి వస్తాయని ముందే తెలుసు కాబట్టి వాటిని ఆకస్మిక విఘ్నాలుగా చూపలేరు. లెక్కలో చేర్చవలసినవే. ఇల్లయినా, ప్రయోగ వేదికయినా పని అప్పగించేవారు అడగవలసిన ప్రశ్నలు మూడు: గడువును నిర్ణయించే వరుస ఏది? అందులో ఒకే మనిషిపైనో, ఒకే యంత్రంపైనో ఆధారపడిన పనులెన్ని? చివర ఉంచిన రక్షణ వ్యవధిలో ఇంకా ఎంత మిగిలి ఉంది? వీటికి సమాధానాలు లేని గడువు శంకుస్థాపన శిలాఫలకానికే పరిమితమవుతుంది.