చేతి ఆటయంత్రము ఎందుకు మరచిపోతుంది?

అరచేతిలో పట్టుకొని ఆడుకొను ఎలక్ట్రానిక్ ఆటయంత్రములను పాఠకులలో చాలామంది చూచియే ఉందురు. వీటిలోని పెద్ద ఆటలు ఒక పూటతో ముగియవు. నెలల తరబడి సాగుతవి. మధ్యలో ఆపి, మరునాడు ఆపినచోటినుండియే ఆడవలెనన్నచో, అంతవరకు జరిగినదంతయు యంత్రము ఎచ్చటనో వ్రాసి ఉంచుకొనవలెను. ఈ వ్రాతనే 'సేవ్' అంటారు. ఒకనాడు మీట నొక్కగా ఆ వ్రాత కనబడదు. లేక చెడిపోయినదని తెరపై ఒక వాక్యము వెలువడుతుంది. మూడు సంవత్సరముల ఆట పోయినదని పిల్లవాడు దిగులుపడి కూర్చుంటాడు. పెద్దలు దీనిని నవ్వులాటగా తీసుకొనుట న్యాయము కాదు. వ్రాత ఎచ్చట ఉన్నదో, ఏ విధముగా నిలిచియున్నదో తెలిసినచో చాలా సందర్భములలో దానిని కాపాడవచ్చును. తెలియక తొందరపడినచో, చెడనిదానిని కూడ మన చేతులతో మనమే చెరిపివేయగలము.

జపాను దేశపు నింటెండో సంస్థ 1989లో 'గేమ్ బాయ్' అను యంత్రమును విడుదల చేసినది. దీనికి ఒక్కొక్క ఆట ఒక్కొక్క ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో వచ్చేది. ఆట తాలూకు ఆదేశములు ఎన్నటికి మారని చిప్పులో అచ్చువేసినట్లు ఉండేవి. సేవ్ చేయు వీలున్న కార్ట్రిడ్జిలలో చాలావాటియందు, మార్చి మార్చి వ్రాయుటకు వేరొక చిప్పు ఉండేది. ఇందులో ప్రతి అంశమును ఒక జంట వలయము నిలుపుతుంది. ఒకరి వీపున ఒకరు ఆని నిలబడిన ఇద్దరు మనుష్యులవలె ఆ జంటలో ఒకటి రెండవదానిని నిలబెడుతుంది. ఈ నిలుకడ కరెంటు ఉన్నంతవరకే. అది ఆగినచో రెండును పడిపోతవి. కాబట్టి యంత్రమును ఆపివేసిన తరువాత కూడ కరెంటు అందుటకై లోపల రూపాయి బిళ్ళవంటి లిథియము సెల్లును అమర్చినారు.

అంత చిన్న సెల్లు ఎంతకాలము వస్తుంది? లెక్క వేసి చూడండి. సీఆర్ 2025 అను సెల్లు పేరులోనే దాని కొలత ఉన్నది: 20 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మిల్లీమీటర్ల మందము. ఇందులో సుమారు 160 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లు లాగు చిన్న దీపము దీనిని 8 గంటలలో ఖాళీ చేస్తుంది. అదే సెల్లు పది సంవత్సరములు, అనగా 87,600 గంటలు రావలెనన్నచో, కరెంటు సగటున ఒక మిల్లీ ఆంపియరులో సుమారు 550వ వంతుకు మించరాదు. ఊరక నిలిచియున్న చిప్పునకు అంత స్వల్పమైన కరెంటు చాలును. అందుచేతనే ఈ ఏర్పాటు సాధ్యమైనది.

1999లో జపానులో వచ్చిన 'పోకెమాన్ గోల్డ్', 'సిల్వర్' ఆటలలో పగలు, రాత్రి తెలుపు గడియారము కూడ పెట్టినారు. సెకనుకు 32,768 సార్లు కంపించు స్ఫటికము దీనికి ఆధారము. ఆ సంఖ్యను పదునైదుసార్లు సగము చేసినచో సరిగా 1 వస్తుంది! ముచ్చటైన ఏర్పాటే కాని, ఈ గడియారము కూడ ఆ సెల్లునుండియే కరెంటు త్రాగుతుంది. అందువలన ఈ ఆటల సెల్లులు 1996 నాటి మొదటి పోకెమాన్ ఆటల సెల్లులకంటె త్వరగా నీరసించినవి.

సెల్లు అయిపోయినదా లేదా అని తెలుసుకొనుట సులభము. యంత్రము నడుచుచున్నంతసేపు చిప్పునకు యంత్రమే కరెంటు ఇస్తుంది గనుక సేవ్ బాగుగానే జరిగినట్లు కనబడుతుంది. ఆపి, కార్ట్రిడ్జిని బయటకు తీసి, ఒక రాత్రి ఉంచి చూచినప్పుడు వ్రాత పోయియున్నచో దోషము సెల్లుదే. ఆటయే సరిగా మొదలు కాకున్నచో మాత్రము ముందుగా లోహపు పట్టీల మురికిని అనుమానించవలెను. నోటితో ఊదు అలవాటు అందరికి ఉన్నది. ఊపిరిలోని తేమ పట్టీలను తినివేస్తుంది. దూదిపుల్లకు కొంచెము స్పిరిట్ అద్ది తుడిచి, బాగుగా ఆరనీయవలెను.

సెల్లు మార్చుటలో ఒక చిక్కున్నది. పాతదానిని ఊడదీసిన క్షణమే, మిగిలియున్న వ్రాత కూడ పోతుంది. కాబట్టి కార్ట్రిడ్జిని చదువు పరికరముతో దానిని ముందుగా కంప్యూటరులోనికి ఎత్తుకొని, కొత్త సెల్లు వేసిన తరువాత తిరిగి ఎక్కించవలెను. సెల్లుపై నేరుగా టంకము పెట్టరాదు. వేడికి అది పగులవచ్చును. రేకులు అతికించిన సెల్లులే దీనికి తగినవి. ఊడదీసినదానిని బల్లపై వదలరాదు. పసిపిల్లలు మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహిక కాలి పుండగును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

2002లో వచ్చిన 'పోకెమాన్ రూబీ', 'సఫైర్' ఆటలలో ఈ బాధ తొలగినది. వీటి వ్రాత ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. ఎలక్ట్రానులను బంధకపు గోడల నడుమ బంధించుటయే ఇందులోని కిటుకు. కరెంటు లేకున్నను అవి సంవత్సరముల తరబడి అచ్చటనే ఉంటవి. ఈ ఆటలలో సెల్లు అయిపోయినదని తెరపై వచ్చినచో గడియారము నిలిచిపోయినదనియే అర్థము, సేవ్ క్షేమము.

వ్రాత చెడినదని యంత్రమునకు ఎట్లు తెలియును? కిరాణా కొట్టు చిట్టా అడుగున మొత్తము వేసినట్లు, అంకెలన్నిటిని కూడి ఆ కూడికను కూడ వ్రాసి ఉంచుతుంది. 14, 9, 27 కలిసి 50. చదువునప్పుడు 49 వచ్చినచో ఏదియో మారినదన్నమాట. ఏది మారినదో మాత్రము దీనివలన తెలియదు. సేవ్ అగుచుండగా కరెంటు పోయినచో సగము కొత్తది, సగము పాతది మిగిలి కూడిక తప్పుతుంది. రూబీ, సఫైర్ రెండు చోట్ల మార్చి మార్చి వ్రాస్తవి. ఒకటి చెడినచో దానికి ముందటి వ్రాత అందుతుంది.

2017లో వచ్చిన 'స్విచ్' యంత్రము సంగతి వేరు. దీనికి మైక్రో ఎస్‌డీ కార్డు వేసుకొనవచ్చును. కార్డు చెడినదని తెరపై రాగానే అంతయు పోయినదని చాలామంది బెంగపడుతారు. కాని కార్డులో ఉండునవి ఆటలు, బొమ్మలు మాత్రమే. సేవ్ యంత్రపు సొంత మెమరీలో ఉంటుంది. కొన్న ఆటను మరల దింపుకొనవచ్చును. కాబట్టి యంత్రమును నిద్రపుచ్చుట గాక పూర్తిగా ఆపి, కార్డును తీసి తిరిగి పెట్టి చూడవలెను. తరువాత సెట్టింగులలోని చెడిన డేటాను వెదకు పనిని నడపవలెను. అప్పటికిని కుదరకున్నచో బొమ్మలను కంప్యూటరులోనికి ఎత్తుకొని కార్డును ఫార్మాట్ చేయవచ్చును. యంత్రమునే మొదటి స్థితికి తెచ్చు ఆదేశము మాత్రము వేరు. సాధారణముగా అది సేవులను కూడ తుడిచివేస్తుంది. రెండింటిని ఒకటిగా భావించి మీట నొక్కుటవలననే అసలు నష్టము జరుగుతుంది.

మాటిమాటికి చెడు కార్డు నకిలీది కావచ్చును. పైన పెద్ద అంకె అచ్చువేసి, లోపల చిన్న చిప్పు పెట్టి అమ్ముతారు. అది నిండిన తరువాత వ్రాసినది నిలువదు, లేక ముందటిదానిపై పడుతుంది. కొనగానే కంప్యూటరులో కార్డు నిండ వ్రాసి, తిరిగి చదివి సరిచూచుకొన్నచో గుట్టు బయటపడుతుంది.