అమ్మ పేరు విడిగా రాయించారా?

ఆవకాయకి ఆవాలు మిక్సీలో వేశానో లేదో, కరెంటు పోయింది. విసుక్కుంటుంటే, నూజివీడు కాయ ముక్కలు తుడుస్తున్న పనిమనిషి నెమ్మదిగా అంది: "కరెంటు కోసమేనంటగా అమ్మగారూ, మా ఊరు నీళ్ళలో కలిసింది!"

ఆమె పుట్టిల్లు దేవీపట్నం వైపు.

మా హనుమాన్ జంక్షన్ దగ్గరగానే పోలవరం కుడికాలువ వెళుతుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు అందులోంచి కృష్ణకి చేరితే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాం. సాగునీరే కాదు, 12 యూనిట్లతో 960 మెగావాట్ల జలవిద్యుత్తు కూడా తలపెట్టిన ప్రాజెక్టది. నీరు ఎత్తునుంచి దూకితేనే టర్బైను తిరిగేది. ఆ నీటిని నిలిపే రిజర్వాయరు నిండు మట్టం 45.72 మీటర్లు. పాపికొండల్లోని కొండరెడ్ల, కోయల ఊళ్ళు దాని కిందికే వస్తాయి.

"కాలనీలో ఇల్లుంది. అడ్డాకు, చింతపండు ఏవమ్మా? అవే మా ఆడాళ్ళ చేతి డబ్బులు" అంది. వితంతువైన తల్లి పేరును అన్న తన కుటుంబంలోనే రాయించాడట.

2013 భూసేకరణ చట్టం ప్రకారం వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ విడి కుటుంబమే. పెళ్ళికాకున్నా, మేజరైన కూతురూ అంతే. డిగ్రీ చదివిన నాకే ఈమధ్య దాకా ఈ సంగతి తెలీదు!

కాగితం మీద రాసిచ్చి, "అమ్మ పేరు జాబితాలో విడిగా ఉందేమో అడిగించు" అన్నాను. మడిచి కొంగున ముడేసుకుంది.

మీకు తెలిసిన నిర్వాసిత స్త్రీలుంటే, మీరూ ఈ మాట చెప్పండి.