ఏటి పక్కన ఖాళీ దారి

నైరుతి ఫ్రాన్స్ నదీలోయల్లో గంటల తరబడి సైకిల్ తొక్కినా వెనక హారన్ వినిపించదు. ఆ ప్రశాంతత ప్రకృతి ఇచ్చిన వరమనుకుంటాం. నిజానికి అందులో సగం మనుషుల కథే.

మన దగ్గర తలకు పసుపు రంగు వేసిన మైలురాయి కనిపించిందంటే అది జాతీయ రహదారి. లారీలు, బస్సులు, వాటి గాలికి ఊగిపోయే సైకిలు. ఫ్రాన్స్‌లోనూ తెల్లరాయికి పసుపు తల ఉంటుంది. కానీ అక్కడ జాతీయ రహదారి రంగు ఎరుపు. పసుపు తల అంటే జిల్లా రోడ్డు. ఏ రాయిని చూసి మనం గుండె చిక్కబట్టుకుంటామో, అదే రంగు రాయిని అక్కడి సైకిల్‌వాలాలు వెతుక్కుంటూ వెళ్తారు. అలాంటి ఓ పసుపు రాయి మీద ‘డి 41’ అని ఉంటుంది. సెలే అనే చిన్న ఏటి పక్కనే సాగే దారి అది.

ఫిజాక్ నుంచి కాఓర్ దాకా

లోత్ జిల్లాలో ఫిజాక్ ఓ పాత పట్నం. ఈజిప్టు చిత్రలిపి గుట్టు 1822లో విప్పిన షాంపోలియన్ 1790లో పుట్టింది ఇక్కడే. ఊరి మధ్య ఓ పెరట్లాంటి చోట రొసెట్టా శిలకు భారీ నమూనాను నల్లరాతితో నేలమీదే పరిచారు. దాని మీద నడుస్తూ అక్షరాలు చూడొచ్చు. పొద్దున్నే అది చూసి, బేకరీలో రెండు క్రోసాంలు జేబులో వేసుకుని బయల్దేరితే సాయంత్రానికి కాఓర్ చేరొచ్చు. దూరం సుమారు 75 కిలోమీటర్లు.

ఊరు దాటిన కాసేపటికే లోయ దగ్గరవుతుంది. ఓ పక్క నిలువెత్తు సున్నపురాతి గోడ, ఇంకో పక్క మొక్కజొన్న చేలు, అక్రోటు చెట్లు, వాటి వెనక ఏరు. ఎస్పాన్యాక్‌లో పాత కన్యాశ్రమం, దాని గుడికి కర్రచట్రంలో ఇటుక పేర్చి కట్టిన గంటగోపురం. మార్సియాక్‌లో సగం కూలిన మఠం. పైకప్పు పోయిన గోడల మధ్య గడ్డి మొలిచి ఉంటుంది, మిగిలిన సగం ఇప్పటికీ ఊరి చర్చి. ఇళ్లు కొండగోడకు వీపు ఆనించి కూర్చున్నట్టుంటాయి. ఒక పల్లెకీ ఇంకో పల్లెకీ మధ్య చెవిన పడేది చెయిన్ చప్పుడు, నీటి చప్పుడు.

కాబ్రెరె దగ్గర ఆగాల్సిందే. పైన గుట్టలో పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రాళ్లు ఇరుకు సందుల్లో పాక్కుంటూ వెళ్లి ఇక్కడి బొమ్మల్ని బయటపెట్టారు. వాళ్లకు గుహల పిచ్చి ఎక్కించింది ఆ ఊరి చర్చి ఫాదరే. ఒంటినిండా చుక్కలున్న రెండు గుర్రాలు, వాటి చుట్టూ రంగు చిమ్మి వేసిన అరచేతి ముద్రలు. పాతికవేల ఏళ్లకు పైబడిన ముద్రలవి. రోజుకు ఇంతమందినే లోపలికి పంపుతారు కాబట్టి టికెట్ ముందే తీసుకోవాలి.

ఇంకాస్త ముందుకెళ్తే సెలే వచ్చి లోత్ నదిలో కలుస్తుంది. అవతల బూజియెస్ దగ్గర ఒడ్డున రాతిని తొలిచి చేసిన ఇరుకు బాట ఉంది. వైన్ పీపాలతో వెళ్లే పడవల్ని మోకులతో లాగేందుకు చేసిన దారి. అక్కడ సైకిల్ దిగి నడవడమే మేలు. ఆ బాట మీదుగా వెళ్తే నదికి వంద మీటర్ల ఎత్తున గుట్టకు వేలాడుతున్నట్టుండే సాన్ సిర్ లాపోపీ కనిపిస్తుంది. కవి ఆంద్రే బ్రెతోఁ మనసు పారేసుకుని ఇల్లు కొనుక్కున్న ఊరు.

చివరికి కాఓర్, మూడు బురుజులున్న వాలాంత్రే వంతెన. పద్నాలుగో శతాబ్దంలో పని ఎంతకీ తెమలక చెప్పిన పనల్లా చేసిపెడితే తన ఆత్మ ఇస్తానని మేస్త్రీ దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడట. చివర్లో ‘కూలీలకు జల్లెడతో నీళ్లు తెచ్చిపెట్టు’ అన్నాడట. ఓడిపోయిన దెయ్యం కక్షకొద్దీ నడిమి బురుజులో ఒక రాయి రోజూ రాత్రి పీకేసేదట. 1879లో మరమ్మతు చేసిన వాస్తుశిల్పి ఆ మూల రాతి మీద దెయ్యం బొమ్మ చెక్కించి లెక్క తేల్చేశాడు!

పటం చదవడం వస్తే చాలు

ఇలాంటి దారి ఇదొక్కటే కాదు. ఫ్రాన్స్‌లో జిల్లా రోడ్లు సుమారు 3.8 లక్షల కిలోమీటర్లు, పల్లె రోడ్లు దాదాపు 7 లక్షలు. మోటారు వాహనాల జోరంతా ఉండే ఎక్స్‌ప్రెస్‌వేలు, జాతీయ రహదారులు మొత్తంలో రెండు శాతం చుట్టూ ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి మిషెలిన్ కాగితపు పటం ఇప్పటికీ మంచి గురువు. ఎర్రగీత పెద్ద రోడ్డు, పసుపుది చిన్నది, తెల్లది ఇంకా చిన్నది. పక్కన ఆకుపచ్చ అంచుంటే చూడచక్కని దారి. గీత మీద బాణం గుర్తు ఉంటే ఎక్కుడు. ఒక బాణమైతే సర్దుకోవచ్చు, మూడు బాణాలుంటే నూటికి 13 మీటర్లకు మించి ఎక్కాలి. తెల్లగీత, ఆకుపచ్చ అంచు, పక్కన నీలంగీత... ఈ మూడూ కలిసినచోట కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. ఏరు తనకు అనువైన వాలు వెతుక్కుంటూ పారుతుంది, పక్కనున్న దారీ దాదాపు అదే వాలులో నడుస్తుంది. వంపు చుట్టి రావడం ఎందుకని అడ్డదారి పట్టామో, రెండొందల మీటర్ల పీఠభూమి ఎక్కి దిగాల్సి వస్తుంది.

పటం చూసే ఓపిక లేనివాళ్లకు ల్వార్ నది ఉంది. నెవేర్ దగ్గర్నుంచి అట్లాంటిక్ దాకా 900 కిలోమీటర్ల సైకిల్ దారి, అడుగడుగునా బోర్డులు, కోటలు. చాలామంది నదితోపాటు సముద్రంవైపు వెళ్తారు. గాలి మాత్రం ఎక్కువగా సముద్రంవైపు నుంచే వీస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఏటికి ఎదురు తొక్కుతారు!

గేర్లకు ఊపిరి పోసినవాడు

ఈ రోడ్లమీద సరదాగా తిరగడమూ ఒక విద్యేనని నేర్పినవాడు సెంటెటియెన్ నగరవాసి పోల్ ద వివీ. కలంపేరు వెలోసియో. 1887లో సైకిల్ పత్రిక మొదలుపెట్టాడు. ఆకలి కాకముందే తిను, దాహం వేయకముందే తాగు, గొప్ప కోసం తొక్కకు అని చెప్పాడు. పందెగాళ్లు గేర్లంటే ముసలాళ్ల యవ్వారమని నవ్వుతున్న రోజుల్లో గేర్లు మార్చుకునే సైకిళ్లకు ఊపిరి పోశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో వాటిని అందరికీ అనుమతించింది 1937లో, ఆయన పోయిన ఏడేళ్లకు. దానికి ఏడాది ముందే, 1936లో కార్మికులకు జీతంతో రెండు వారాల సెలవు చట్టమైంది. జంట సైకిళ్ల మీద టెంట్లు కట్టుకుని పట్నం జనం పల్లెదారి పట్టారు. ఈ సంప్రదాయం మనదాకా వచ్చింది కూడా. హైదరాబాద్‌లో 200, 300, 600 కిలోమీటర్లంటూ సైక్లిస్టులు పూర్తిచేసే ‘బ్రెవే’ ఫ్రెంచి మాటే. వాటికి చివరి ముద్ర పడేది పారిస్‌లో 1904లో పుట్టిన క్లబ్బు నుంచే.

వేసింది ఎవరు, వెళ్లింది ఎవరు?

ఇంతకీ జనమే పెద్దగా లేని లోయల్లో ఇన్ని రోడ్లు ఎవరికోసం వేశారు? జనం ఉన్నప్పుడు, వాళ్లకోసం, వాళ్లే వేసుకున్నారు. 1836 మే 21న వచ్చిన చట్టం ఊరి రోడ్ల బాధ్యత ఊరికే అప్పగించింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్ల చేత ఏడాదికి మూడు రోజులదాకా రోడ్డు పని చేయించొచ్చు, లేదంటే డబ్బు కట్టించొచ్చు. బండ్లూ పశువులూ ఉన్నవాళ్లు వాటినీ తోలుకురావాలి. అలా గట్లు తెగ్గొట్టి, కంకర పోసి, ప్రతి పల్లెకూ పక్క పల్లెను కలిపారు.

1851లో లోత్ జిల్లా జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. 1870ల చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్ల రసం పీల్చేసింది. తోటలు ఎండాయి, కుర్రాళ్లు పట్నాలకు పోయారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం దేశం మొత్తంమీద 13 లక్షలమందికి పైగా సైనికుల్ని మింగింది. ఇప్పుడు జిల్లా జనాభా సుమారు 1.75 లక్షలు, చదరపు కిలోమీటరుకు 34 మంది కూడా లేరు. మనుషులు తగ్గారు, రోడ్లు తగ్గలేదు. మనం ఇష్టపడే ఆ ఖాళీ, వాళ్లు వదిలివెళ్లిన ఖాళీ.

వెళ్లాలనుకుంటే...

మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో సెలవుల కార్లు, పడవ సరదా జనం లోయల్ని నింపేస్తారు. షెంజెన్ వీసా కావాలి. చాలా ప్రాంతీయ రైళ్లు సైకిల్‌ను ఎక్కించుకుంటాయి. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు మీటరున్నర దూరం పాటించాలన్నది చట్టం. గుర్తు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లదే మొదటి హక్కు. ఇక అసలు కష్టం తిండీ నీళ్లూ. పన్నెండయితే పల్లె దుకాణం మూతపడి మళ్లీ తెరవడానికి రెండు దాటుతుంది. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం అడగనే అక్కర్లేదు.

సీసా ఖాళీ అయితే అక్కడి పాతకాపులు చెప్పే ఉపాయం ఒకటుంది. శ్మశానానికి వెళ్లమంటారు. సమాధుల మీది పూలకు నీళ్లు పోయడానికి ప్రతిచోటా ఓ కుళాయి ఉంటుంది. తాగకూడదన్న బోర్డు లేకపోతే పట్టుకోవచ్చు. దారిలో చర్చి దగ్గర యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు. ఊళ్లో ఇళ్లకంటే రాతిమీది పేర్లే ఎక్కువనిపించే పల్లెలూ ఉన్నాయి.

గేటు తోసుకుని లోపలికెళ్లి సీసా నింపుకుంటుంటే, నాచు పట్టిన పలకల మీద పందొమ్మిదో శతాబ్దపు తారీకులు కనిపిస్తాయి. ఏడాదికి మూడు రోజులు కంకర కొట్టిన చేతులు ఇక్కడే ఎక్కడో ఉంటాయి. మూత బిగించి, గేటు చప్పుడు కాకుండా వేసి, వాళ్ల రోడ్డు మీదికే మళ్లీ సైకిల్ ఎక్కాలి.