స్కిన్ కేర్: పది క్రీములు అక్కర్లేదు.. అనంతపురం ఎండకు మూడు పనులు చాలు, ఆ ఒక్క ట్యూబ్ జోలికి మాత్రం పోవద్దు!

ఫోన్ తెరిస్తే చాలు.. స్కిన్ కేర్ రీల్సే. క్లెన్సర్, టోనర్, ఎసెన్స్, సీరమ్, షీట్ మాస్క్ అంటూ పది మెట్ల రొటీన్. పెనుకొండ దగ్గరికి కొరియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినట్టే, ఉమ్మడి అనంతపురం జిల్లా ఫోన్లలోకి కొరియా బ్యూటీ కూడా వచ్చేసింది. ఆ వీడియోలు చూసి వరుసగా సీసాలు కొని, సగం వాడి పక్కన పడేసేవాళ్లు ఒకవైపు. అవేవీ కొనలేక మెడికల్ షాపులో "ముఖానికి ఏదైనా ఇవ్వన్నా" అని చిన్న ట్యూబ్ తెచ్చుకుని నెలల తరబడి రాసుకునేవాళ్లు ఇంకోవైపు. మొదటివాళ్లకు పోయేది డబ్బే. రెండోవాళ్లకు పోయేది చర్మం.

నిజానికి ఇక్కడి వాతావరణానికి రోజూ కావాల్సింది మూడే పనులు. సబ్బు తగ్గించడం, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయడం, ఎండను అడ్డుకోవడం. ఎందుకో, ఎలాగో చూద్దాం. ఆ ట్యూబ్ కథ కూడా.

ఇక్కడి గాలి, ఎండ వేరు

అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. మిగతా రోజులన్నీ పొడిగాలే. విశాఖలో చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అనంతపురంలో చెమట పట్టిన సంగతి కూడా తెలియకుండా ఆరిపోతుంది. ఒంట్లోంచి నీరు పోతున్నట్టు అనిపించదు కానీ పోతూనే ఉంటుంది. పెదాలు పగిలి, మోచేతి మీద గోటితో గీస్తే తెల్ల గీత పడేదాకా చాలామంది పట్టించుకోరు.

చర్మం పై పొరను ఇటుకల గోడ అనుకోండి. చనిపోయిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సిమెంటు. ఆ సిమెంటు గట్టిగా ఉంటే లోపలి తేమ లోపలే ఉంటుంది. పొడిగాలి, ఎక్కువ సబ్బు, రాపిడి.. ఈ మూడూ ఆ సిమెంటునే కరిగిస్తాయి. అప్పుడే మంట, దురద, పొట్టు.

ఇక ఎండ. అనంతపురం భూమధ్యరేఖకు ఉత్తరంగా 14.7 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారం చివర్లో ఇంకోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ నిమిషంలో నీడే పడదు. గడియారం ప్రకారం అది మధ్యాహ్నం 12 కాదు, 12.20 ప్రాంతం. వేడి మూడు గంటలకు ఎక్కువగా అనిపించినా, చర్మాన్ని నల్లబరిచే అతినీలలోహిత కిరణాలు మాత్రం పన్నెండున్నర అటూఇటూ గట్టిగా ఉంటాయి. ఫోన్‌లో యూవీ ఇండెక్స్ చూడనక్కర్లేదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందా? అయితే ఎండ నుంచి తప్పుకోవాల్సిన టైమే.

మొదటి పని: ముఖం కడగడం తగ్గించండి

పొడి ఊళ్లో చాలామంది చేసే పొరపాటు ఎక్కువసార్లు సబ్బు రుద్దడం. దుమ్ము, ఎండ కాబట్టి రోజుకు నాలుగుసార్లు ఫేస్‌వాష్ వాడితే శుభ్రం అనుకుంటారు. మామూలు సబ్బు క్షార గుణం ఉన్నది, పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ 5 అటూఇటూ. దానికి తోడు బోరు నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న గట్టి నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, నురగ రాలేదని ఇంకాస్త రుద్దుతాం. బకెట్ అంచున తెల్లగా పేరుకునే తెట్టులాంటిదే చర్మం మీద కూడా మిగిలిపోతుంది. స్నానం అయ్యాక చర్మం బిగుసుకున్నట్టు అనిపించేది అందుకే. అది శుభ్రతకు గుర్తు కాదు.

పొద్దున్నే ఉత్తి నీళ్లతో ముఖం కడిగితే చాలు. రాత్రి పడుకునే ముందు ఒక్కసారి సబ్బులేని క్లెన్సర్ గానీ, సిండెట్ బార్ అని రాసి ఉండే సబ్బు గానీ వాడితే సరిపోతుంది. ఒంటికి సబ్బు చంకలు, తొడల సందులు, పాదాలకు రోజూ పెట్టండి. చేతులకు, కాళ్లకు దుమ్ము పట్టిన రోజే చాలు. టీఎఫ్ఎం ఎక్కువ ఉంటే మంచి సబ్బు అని చాలామంది పెట్టె వెనక చూస్తారు. 76 శాతం ఉంటే గ్రేడ్ వన్ అన్నది నిజమే. అది సబ్బు నాణ్యత లెక్క, క్షార గుణం మాత్రం అలాగే ఉంటుంది.

గట్టి నీళ్లకు మందు అంటూ షవర్ ఫిల్టర్ ప్రకటనలు ఈ మధ్య బాగా వస్తున్నాయి. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలపై ఏకంగా ఇంటి నీటినంతా మెత్తబరిచే యంత్రాలు పెట్టి చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. మామూలు చికిత్స కంటే అదనంగా ప్రయోజనం కనపడలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్ మీద పెట్టడం నయం.

రెండో పని: తువ్వాలు పక్కన పెట్టాక మూడు నిమిషాలు

మాయిశ్చరైజర్ చర్మంలోకి నీళ్లు పోయదు. ఉన్న నీటిని పోకుండా పట్టి ఉంచుతుంది. అందుకే ఎండిన చర్మం మీద గంట తర్వాత రాస్తే పెద్దగా పని చేయదు. స్నానం అయ్యాక తువ్వాలుతో గట్టిగా తుడవకుండా అద్ది, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో రాసేయాలి.

ఏది రాయాలి? ఖరీదుకు, పనితనానికి ఇక్కడ పెద్ద సంబంధం లేదు. తేమ పోకుండా ఆపడంలో పెట్రోలియం జెల్లీని మించింది దాదాపు లేదు. చేతులు, కాళ్లు, పెదాలకు అదే బెస్ట్. జిడ్డుగా ఉంటుందనుకుంటే రాత్రిపూట రాసుకోండి. ముఖానికి వాసన లేని మామూలు లోషన్, లేబుల్ మీద గ్లిజరిన్ పేరు ముందు వరసలో ఉంటే మంచిది. మొటిమలు వచ్చేవాళ్లు 'నాన్ కామెడోజెనిక్' అని రాసి ఉన్నది చూసుకోవాలి. ఉత్తి గ్లిజరిన్ నేరుగా పూయకండి, నీళ్లు కలిపి పలచన చేసుకోవాల్సిందే. కొబ్బరినూనె ఒంటికి ఫర్వాలేదు, మొటిమల ముఖానికి వద్దు.

మడమల పగుళ్లకు మాత్రం మామూలు లోషన్ చాలదు. చెప్పుల్లేకుండా చేనుకు తిరిగే కాళ్లకు యూరియా ఉన్న క్రీము అవసరం. యూరియా అంటే పొలంలో చల్లే బస్తా కాదండోయ్, మెడికల్ షాపులో 10 నుంచి 20 శాతం యూరియా క్రీము అని అడగండి. రాత్రి కాళ్లు నానబెట్టి, క్రీము రాసి, పాత సాక్సు వేసుకుని పడుకుంటే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు పగుళ్లను బ్లేడుతో గీకే పని అస్సలు పెట్టుకోకూడదు.

మూడో పని: సన్‌స్క్రీన్.. లేదంటే కొంగు, తువ్వాలు

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు రెండు చూడాలి. ఎస్పీఎఫ్ 30 లేదా ఆపైన, పక్కనే పీఏ అని రాసి కనీసం మూడు ప్లస్ గుర్తులు. ఎస్పీఎఫ్ అనేది ప్రధానంగా కమిలిపోయేలా చేసే కిరణాల లెక్క, పీఏ అనేది నల్లబరిచే కిరణాల లెక్క. 30 అయితే ఆ మొదటి రకంలో సుమారు 97 శాతం ఆగుతాయి, 50 అయితే 98. కాబట్టి నంబర్ కోసం కొట్టుకోవద్దు, ఎంత రాస్తున్నారన్నదే ముఖ్యం. చూపుడు వేలు, నడి వేలు పొడవునా రెండు గీతలు గీస్తే వచ్చేంత క్రీము ముఖానికి, మెడకు కావాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ఇక్కడే అసలు లెక్క. అలా సరిగ్గా రాస్తే, రోజుకు రెండుసార్లయినా 50 గ్రాముల ట్యూబ్ మూడు వారాలకు మించి రాదు. ఒక్కరికే. ఇంట్లో నలుగురికీ అంటే కూలి డబ్బులతో అయ్యే పని కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మట్టి పనికి, వేరుశనగ పీకడానికి వెళ్లే ఆడవాళ్లను సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయండి అనడం టీవీ స్టూడియోలో కూర్చుని చెప్పే మాటే అవుతుంది.

వాళ్లకు బట్టే సన్‌స్క్రీన్. మగవాళ్ల పొడవు చేతుల చొక్కా చీర మీద వేసుకుని పనికి వెళ్లే అలవాటు ఉంది చూశారా, అంతకంటే మంచి రక్షణ లేదు. నేత దగ్గరగా ఉన్న, ముదురు రంగు బట్ట ఎక్కువ ఆపుతుంది. తడిపిన పల్చటి తెల్ల తువ్వాలు నెత్తికి చల్లగానే ఉంటుంది, కానీ తడిసిన నూలు బట్ట పొడి బట్ట కంటే ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది. రెండు మడతలు వేసుకోండి. బైక్ మీద తిరిగేవాళ్లకు మోచేతి కింద నల్లబడటం తప్పాలంటే పూర్తి చేతుల చొక్కా చాలు.

ముఖం మీద మంగు మచ్చలు ఉన్నవాళ్లకు మాత్రం సన్‌స్క్రీన్ తప్పదు. వీలైతే చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా అడ్డుకుంటుంది, మంగును పెంచేవాటిలో అదీ ఒకటి.

నల్లబడ్డ చర్మాన్ని నిమ్మకాయతో రుద్దితే పోతుందన్నది మరో ప్రచారం. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, ఆ తర్వాత ఇంకా నల్లటి మచ్చలు వచ్చే ప్రమాదం ఉంది. మొటిమ మీద టూత్‌పేస్ట్ కూడా అంతే, మంటే మిగులుతుంది. ఎండ తగలకుండా చూసుకుంటే ట్యాన్ కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. అది మురికి కాదు, రుద్దితే పోవడానికి.

ఆ ట్యూబ్ ఎందుకు డేంజర్?

అసలు సమస్య ఇది. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్.. ఇవి స్టెరాయిడ్లు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బులకు డాక్టర్ లెక్కపెట్టి ఇచ్చినన్ని రోజులు వాడితే మంచి మందులే. కానీ ఇవి రక్తనాళాలను కుదిస్తాయి, వాపును అణుస్తాయి. అందుకే ముఖానికి రాస్తే వారంలోనే ఎరుపు పోతుంది, మొటిమ అణిగినట్టుంటుంది, రంగు తేలినట్టు కనిపిస్తుంది. "ఏం రాస్తున్నావే, బాగా తెల్లగా అయ్యావ్" అని పక్కింటామె అడిగేది ఈ దశలోనే. ట్యూబ్ పేరు వీధంతా పాకేది కూడా అలాగే.

నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి. గుంపులుగా మొటిమలు, ఆడవాళ్లకు ముఖం మీద నూగు వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే నిప్పు పెట్టినట్టు మంట. భయపడి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బుతుంది. దాంతో మళ్లీ అదే ట్యూబ్. ఈ చక్రంలో చిక్కుకున్న ముఖాలకు కోల్‌కతా వైద్యులు 2008లో 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని పేరే పెట్టారు. 2011లో వచ్చిన ఓ అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాలకు ముఖ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, 433 మంది స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. అందులో సగం మందికి పైగా డాక్టర్ కాని వాళ్లు చెప్తేనే మొదలుపెట్టారు.

2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనల్లో భాష మారింది, 2020లో ఓ పెద్ద బ్రాండ్ పేరులోంచి 'ఫెయిర్' అనే మాటే తీసేసింది. కౌంటర్ దగ్గర అలవాటు మాత్రం అంత త్వరగా మారలేదు. తామరకు కూడా ఇదే గొడవ. ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిపిన ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, చక్రం మాత్రం లోలోపల పెద్దదవుతుంది. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకి, తర్వాత అసలు మందులకు కూడా లొంగదు.

కొనేముందు ట్యూబ్ తిప్పి చూడండి. ఆర్ఎక్స్ గుర్తు గానీ, ఎర్ర గీత గానీ, షెడ్యూల్ హెచ్ అన్న హెచ్చరిక గానీ ఉంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. తయారీ లైసెన్స్ నంబర్, కంపెనీ చిరునామా ఏవీ లేని డబ్బా అయితే ఇంకా ప్రమాదం. అలాంటి వాటిలో పాదరసం ఉండొచ్చు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 నుంచి 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిలో 15 మందికి అరుదైన మార్పు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. ముఖానికి రాసింది కిడ్నీ దాకా పోయింది.

ఇప్పటికే నెలలుగా వాడుతుంటే?

ఒక్కసారిగా ఆపి, ముఖం మండిపోయి, మళ్లీ మొదలుపెట్టడం కంటే చర్మ డాక్టర్‌ను కలవడం మేలు. అవసరమైతే పవర్ తగ్గిస్తూ, వేరే మందులతో మంట అణుస్తూ మాన్పిస్తారు. కొందరికి వారాలు, ఎక్కువకాలం వాడినవాళ్లకు నెలలు పడుతుంది. ఈ మధ్యలో కొత్త సీరమ్‌లు, ఫేషియల్స్, బ్లీచ్ ఏవీ వద్దు. మెత్తటి క్లెన్సర్, మాయిశ్చరైజర్, ఎండకు కొంగు, అంతే.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు వాడుతున్న ట్యూబ్‌ను, దొరికితే దాని అట్టపెట్టెను కూడా పట్టుకెళ్లండి. పారేసి ఉంటే ఫోన్‌లో ఫొటో ఏమైనా ఉందేమో వెతకండి. ఎన్ని నెలలు రాశారో సిగ్గుపడి తగ్గించి చెప్పకండి, మాన్పించే పద్ధతిని డాక్టర్ దాన్ని బట్టే నిర్ణయిస్తారు.