ఐదడుగులు లేని అంగడి

పూర్వపు కట్టడముల విలువ చెప్పుమన్న మనము గోపురముల యెత్తును, స్తంభముల చెక్కడమును ముందుగా ఎంచుదుము. మేము నేడు చెప్పబోవునది రెండంతస్తుల చిన్న అంగడి. కెనడా దేశపు పశ్చిమతీరమున, వాంకూవరు నగరములో, చైనావారి పేటలో, పెండరు వీథిలో నున్నది. దాని పేరు శామ్ కీ భవనము. వీథి గుమ్మము మొదలు వెనుక గోడ వఱకు క్రింది అంతస్తు లోతు 4 అడుగుల 11 అంగుళములు మాత్రమే. ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి తిరుగలి విసరుటకైనను ఆ చోటు ఇఱుకే!

ఏడవ ఎడ్వర్డు 1901 మొదలు 1910 వఱకు ఏలెను. ఆయన పేరిట చెప్పబడు కట్టుబడి ఆయన పిదప కూడ కొన్నియేండ్లు సాగినది. విక్టోరియా నాటి దట్టమైన అలంకారములను తగ్గించి, పెద్ద కిటికీలతో వ్యాపారమునకు అనువుగా కట్టుట దాని తీరు. 1913లో లేచిన ఈ అంగడియు ఆ కోవలోనిదే. మేడమీద వీథివైపునకు పొడుచుకొని వచ్చిన కిటికీల వరుస తప్ప దానియందు మెచ్చదగిన సొగసు పెద్దగా లేదు. మఱి దానిని కాపాడవలసినంత విలువ ఎందున్నది?

శామ్ కీ యనునది మనుష్యుని పేరు కాదు, వ్యాపారసంస్థ పేరు. దాని యజమాని చాంగ్ టాయ్. ఉప్పుచేపలను చైనాకు పంపి ధనవంతుడైన వర్తకుడు. సంస్థ 1903లో 30 అడుగుల స్థలమును కొనెను. 1912లో నగరపాలకులు వీథిని వెడల్పు చేయుటకై అందులో 24 అడుగులు తీసికొనిరి. మిగిలిన పట్టీకి పరిహారమీయలేదని చెప్పుదురు. పూర్వము వామనుడు మూడడుగు లడిగి ముల్లోకములు గొనెను. ఇచ్చట పెద్దలే చిన్నవాని నేల కొలిచి ఆరడుగులు మిగిల్చిరి. వీథి వెడల్పులో మా యింటి అరుగు పోయిన నాటినుండి ఇట్టి సంగతులు మాకు ఊరక చదివి విడుచునవిగా లేవు.

చైనానుండి వచ్చువారిపై 1885లో 50 డాలర్ల తలపన్ను విధించిరి. 1903 నాటికి అది 500 డాలర్లు. అంత సొమ్ము కట్టి భార్యను పిలిపించుకొనగల కూలివా డెవ్వడు? పేటనిండ ఒంటరి పురుషులే. సముద్రమున కావల, భర్త ఉత్తరమునకై కాచుకొనిన ఇల్లాండ్రు. 1907లో ఒక మూక పేటపై బడి కిటికీల అద్దములు పగులగొట్టెను. 1923 నాటి చట్టము వలసను దాదాపుగా నిలిపివేసెను. దానిని 1947లో గాని రద్దు చేయలేదు.

అట్టి రోజులలో చాంగ్ టాయ్ ఆ పట్టీని వదలుకొనలేదు. బ్రౌన్, గిల్లమ్ అను శిల్పులచే ఉక్కు చట్రముతో ఈ భవనమును కట్టించెను. నగరము తీసికొన్నది పైనేల మాత్రమే గదా యని కాలిబాట క్రింద త్రవ్వించి అచ్చట స్నానశాలలు పెట్టించెను. బాటలో పొదిగిన గాజుదిమ్మల గుండ వెలుతురు క్రిందికి దిగును. ఇల్లు, ఇల్లాలు లేని కూలివానికి వేడినీళ్ల స్నానమెంత ఊరటయో వేఱుగ చెప్పనేల?

1967లో ఈ పేటగుండ పెద్ద రహదారి వేయ తలపెట్టిరి. ప్రక్కనున్న స్ట్రాత్‌కోనాలో నప్పటికే వీథులకు వీథులు పడగొట్టుచుండిరి. 1968లో అచ్చటివారు సంఘముగా నేర్పడిరి. మేరీ లీ చాన్ అను గృహిణి ఇంటింటికి తిరిగి జనమును కూడగట్టెను. ఆమె కుమార్తె షిర్లీ తోడుగ నిలిచెను. రహదారి ఆగెను, పడగొట్టుట ఆగెను. 1971లో రాష్ట్రప్రభుత్వము చైనా పేటను చారిత్రక ప్రదేశముగ ప్రకటించెను. చక్కని చెక్కడమున్న వానినే ఉంచవలెనన్నచో ఈ అంగడి దక్కియుండునా?

1986లో దానిని బాగుచేసిరి. ప్రపంచములో కెల్ల లోతు తక్కువైన వ్యాపారభవనమని గిన్నిస్ వారు వ్రాసికొనిరి. అమెరికాలోని పిట్స్‌బర్గులో 5 అడుగుల 2 అంగుళముల భవనమొకటి యున్నది; ఈ మేడ పైయంతస్తు ఆరడుగులు గనుక బిరుదు తమదే యని వారి వాదము. ఆ తగవు మాకు పట్టలేదు.

ఛాయాచిత్రమును మా యత్తగారికి చూపితిమి. కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచి, “అమ్మాయీ, ఇందులో కాపురమున్నవాళ్లు పొయ్యి ఎక్కడ పెట్టుకొన్నారే?” అనిరి. మేడమీద ఆరడుగు లున్నవని చెప్పితిమి.